అహోబిలం కొండదారులు: మెట్లు, మోత, మరమ్మతు

అహోబిలం నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో, నల్లమల కొండల పడమటి అంచున ఉన్న నరసింహ క్షేత్రం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఇదొకటి. తిరుమంగై ఆళ్వార్ పాశురాల్లో దీని పేరు సింగవేళ్ కుండ్రం. ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో దిగువ అహోబిలం, అక్కడి నుంచి లోయలోకి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు పోతే ఎగువ అహోబిలం. రెండు చోట్లకూ బస్సు వెళ్తుంది. కొండ కష్టం మొదలయ్యేది బస్సు ఆగిన చోట. ఆ పైన ఉన్న కాలిదారులు ఎలా పుట్టాయి, ఏటా ఎందుకు పాడవుతాయి, ఎప్పుడు బాగుచేయాలి, ఇలాంటి పనే చేసే ఇతర కొండల్లో ఏం జరుగుతోంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు. ఇతర కొండలంటే తిరుమల, శ్రీశైలం, శోళింగర్ మాత్రమే కాదు. చలిదేశాల్లో జనం మంచు మీద జారే స్కీ వాలులు కూడా. జనం రాని నెలల్లో కొండను బాగుచేసుకోవడమనే విద్యలో అందరికంటే ఎక్కువ డబ్బు, ఎక్కువ బుర్ర ఖర్చుపెట్టింది వాళ్ళే.

దారుల తీరు

నవ నారసింహుల గుళ్ళను పురాణ క్రమంలో కాక దారిని బట్టి చూస్తే క్షేత్రం స్వరూపం తొందరగా అర్థమవుతుంది. ఎగువ అహోబిలంలోని అహోబిల నరసింహుడి గుడి, దానికి కిలోమీటరు ఇవతల ఉన్న కారంజ, దిగువన ఉన్న యోగానంద, ఛత్రవట నరసింహుల గుళ్ళు బండి దారికి అందుతాయి. భార్గవ నరసింహుడి దగ్గరికి అడవి దారిన కొంత దూరం పోయి మెట్లెక్కాలి. పావన నరసింహుడి గుడికి జీపు దారి ఉంది. దాన్ని దారి అనడం మర్యాదకే. రాళ్ళ మీద ఎగిరెగిరి పడే ప్రయాణమది. వరాహ, మాలోల, జ్వాలా నరసింహుల గుళ్ళకు నడక తప్ప మార్గం లేదు. అన్నిటికంటే పైన ఉగ్రస్తంభం. స్తంభం చీల్చుకుని స్వామి వెలువడిన చోటుగా భక్తులు నమ్మే ఆ కొండ చీలిక దగ్గరికి చివరి భాగమంతా రాళ్ళు పట్టుకుని పాకడమే.

జ్వాలా నరసింహుడి దారి వీటన్నిటికీ నమూనా. ఎగువ గుడి వెనక భవనాశిని వాగు వెంబడి మొదలై, వాగును దాటుతూ, గరుడాద్రి వేదాద్రుల నడుమ ఇరుకైన లోయలో నాలుగు కిలోమీటర్ల దాకా సాగుతుంది. మొదట చెట్ల నీడలో గుండ్ల మధ్య నడక. తర్వాత కొండ నడుముకు అతుక్కున్న రాతిమెట్లు, పక్కన పట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. చివర్లో పైనుంచి ముందుకు వంగిన బండ చరియ కిందుగా దారి పోతుంది. వానాకాలంలో ఆ చరియ మీదినుంచి జలపాతం దూకుతుంది. తడవకుండా గుడి చేరడం కుదరదు. ఎండాకాలం అదే చోట నీటిచుక్కలు రాలుతుంటాయి. దారిని పాడుచేసేదేమిటో అక్కడ నిలబడి చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాయి, వాన

నల్లమల రాయి భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే మహా శిలాసముదాయంలోది, వంద కోట్ల ఏళ్ళకు పైబడినది. ఇందులో రెండు రకాల రాయి పొరలు పొరలుగా ఉంటుంది: గట్టిగా, గాజులా పగిలే క్వార్ట్‌జైట్ ఒకటి, మెత్తగా, పలకలు పలకలుగా ఊడే షేల్ రకం రెండోది. వానకు మెత్తరాయి అరిగి లోపలికి పోతుంది. గట్టిరాయి పైన చూరులా మిగిలి, చివరికి పగుళ్ళ వెంట పెద్ద పెద్ద గుండ్లుగా విడిపడుతుంది. గుహగుళ్ళు ఏర్పడింది ఈ తీరుగానే, దారి మీద బండలు పడేదీ ఈ తీరుగానే. గట్టిరాయి మీద వేసిన మెట్టు తరాల తరబడి కదలదు. మెత్తరాయి మీద వేసిన మెట్టు కింద నేల రెండు మూడు వానాకాలాలకే జారిపోతుంది.

రాయలసీమ అంటే వానలేని సీమ అని పేరు. కర్నూలు, కడప ప్రాంతాల్లో సాలుకు పడేది ఏడు వందల మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. దారులకు చేటు తెచ్చేది ఆ మొత్తం కాదు, అది పడే తీరు. నెల రోజులు మబ్బు మొహం చూపించని ఆకాశం ఒక్క రాత్రిలో కుండపోత కురిపిస్తుంది. నైరుతి తర్వాత అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం తుపానుల వంతు. 2009 అక్టోబరు మొదట్లో కర్నూలు పట్టణం మునిగింది. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నెల వానలకే తిరుమల శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోయి, మళ్ళీ 2022 మే నెలలో గానీ భక్తులకు తెరవలేదు. రెండు వేల పైచిలుకు మెట్లున్న దారి అది. తిరుమల తిరుపతి దేవస్థానం లాంటి సంస్థ చేతిలో ఉన్న దారికే ఆరు నెలల దాకా పడితే, మిగతా కొండల సంగతి ఊహించుకోవచ్చు.

కొండదారి పనిలో సగం నీటి పని. నిజానికి సగం కంటే ఎక్కువే అనాలి. మెట్టు రాయిని మట్టసంగా పరిస్తే నీళ్ళు నిలుస్తాయి, పాచి పడుతుంది. వెనక్కి వాలితే నీళ్ళు రాయి వెనక చేరి మట్టిని తోడేస్తాయి. రవ్వంత ముందుకు వాలి ఉండాలి. మెట్టు వెనక మట్టి నింపకూడదు, రాతి ముక్కలు కూరాలి. దారి వాలుగా పోయే చోట అక్కడక్కడా ఏటవాలుగా ఒక రాళ్ళ వరస అడ్డం పాతితే, దారినే కాలువ చేసుకుని దూకే నీళ్ళు పక్కకు మళ్ళి అడవిలోకి పోతాయి. దారిని అంచున నిలబెట్టే గోడ సున్నం, సిమెంటు లేకుండా వట్టి రాళ్ళ పేర్పు అయితే సందుల్లోంచి నీళ్ళు కారిపోతాయి. సిమెంటు గోడ కట్టి నీళ్ళు పోయే కంతలు వదలకపోతే లోపల ఊరిన నీటికి గోడ ఉబ్బి పగులుతుంది. చూడ్డానికి అందంగా ఉండే సిమెంటు మెట్లు చాలా కొండల్లో నాలుగేళ్ళకే బోలుపోవడానికి కారణం ఇది. పాత రాతిమెట్ల పక్కన కొత్తవి ముందుగా చెడిపోవడం చూసి జనం పాతకాలపు పనితనమని మెచ్చుకుంటారు. పనితనం ఉన్నమాట నిజమే, నీటికి దారి వదిలారన్నది అంతకంటే నిజం.

మెట్లు వేయించినవాళ్ళు

అహోబిలం, శ్రీశైలాలకు మెట్లు కట్టించిన ఖ్యాతి రెడ్డి రాజ్య స్థాపకుడు ప్రోలయ వేమారెడ్డిది, 14వ శతాబ్దం మొదటి సగం. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే మెట్లు కూడా ఆయన పేరనే చెప్పుకుంటారు. ఆయన ఆస్థానంలోని ఎర్రాప్రగడ అహోబిల నరసింహుడి మీద నృసింహపురాణం రాశాడు. రాజు మెట్లు వేయించడం, కవి పురాణం రాయడం ఒకే కాలంలో జరిగాయంటే, కొండకు జనాన్ని రప్పించే పని రెండు వైపుల నుంచీ సాగిందన్నమాట. 14వ శతాబ్దం చివర్లో ఆదివణ్ శఠగోప యతి ఇక్కడ అహోబిల మఠాన్ని నెలకొల్పాక క్షేత్ర నిర్వహణకు ఒక స్థిరమైన ఆధారం దొరికింది. విజయనగర కాలంలో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రల రోజుల్లో ఇక్కడికి వచ్చి కానుకలిచ్చిన సంగతి శాసనంలో ఉంది. 16వ శతాబ్దం చివర్లో గోల్కొండ పక్షం దాడికి గుడి లోనై, కొన్నేళ్ళకు విజయనగర పక్షానికి మళ్ళీ చేజిక్కింది. అన్ని రాజ్యాలు మారినా మెట్లు మాత్రం మిగిలాయి, అక్కడక్కడా అతుకులతో.

తిరుమల అలిపిరి దారి కథలో కడప సీమ పాలు ఉంది. సిద్ధవటం మట్లి రాజుల్లో అనంతరాజు ఆ మెట్లు, గోపురాల పనికి పూనుకున్నాడని చెబుతారు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. అంతదాకా నడవలేనివాళ్ళకు డోలీయే గతి.

డోలీ

ఎగువ అహోబిలంలో ఇప్పటికీ డోలీ ఉంది. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు జ్వాలా నరసింహుడి దాకా పోవాలంటే అదొక్కటే ఉపాయం. వెదురు బొంగులకు కట్టిన కూర్చునే సీటు, భుజం కాసే మనుషులు: సామగ్రి అంతే. దారి ఎలా ఉండాలో అందరికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ మోసే మనుషులు. వట్టి చేతులతో ఎక్కేవాడికి మెట్టు ఒకటి జానెడు, ఒకటి మూరెడు ఉన్నా పోయేదేమీ లేదు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఒకే అడుగు వేయాల్సినప్పుడు ఎత్తు తేడా ఉన్న ప్రతి మెట్టూ ఒక ప్రమాదమే. మలుపు ఇరుకైతే బొంగు బండకు తగులుతుంది. కమ్మీ భుజం ఎత్తులో ఉంటే వేళ్ళు నలుగుతాయి. నాలుగడుగులు వెడల్పు పెంచిన మలుపు, బరువు దించుకోవడానికి ఒక అరుగు, దిగేటప్పుడు ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తప్పుకునే జాగా ఉంటే చాలు, దారి అందరికీ మారిపోతుంది. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. శిలాఫలకం మీద రాసుకోవడానికి పనికొచ్చేవి కూడా కావు, అందుకే కాబోలు ఆఖరున గుర్తొస్తాయి.

పని చేసే కాలం

అహోబిలానికి జనం రాని నెల అంటూ లేదు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు, వైశాఖంలో నరసింహ జయంతి, ప్రతి నెలా స్వాతి నక్షత్రం, శనివారాలు, కార్తీకం. సంక్రాంతి వెళ్ళగానే కనుమ నాటి నుంచి పారువేట: ఉత్సవమూర్తులు పల్లకిలో నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతారు. చెంచులక్ష్మిని పెళ్ళాడిన స్వామి తానే ఊరూరా పోయి బ్రహ్మోత్సవాలకు పిలుస్తాడని చెబుతారు. చెంచుల పేరు ఈ కొండతో అలా ముడిపడి ఉంది. నల్లమల లోపలి దారులు వాళ్ళ కాళ్ళకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియవు.

రాతిపనికి మాత్రం కాలం కలిసి రావాలి. జులై నుంచి అక్టోబరు దాకా వాగు నమ్మదగింది కాదు. ఏప్రిల్, మే నెలల్లో బండ కాలుతుంది, వాగు ఎండుతుంది, సున్నం కలపడానికి కూడా నీళ్ళు కిందినుంచి మోసుకెళ్ళాలి. మిగిలింది తుపానులు తగ్గిన నవంబరు చివరి నుంచి ఫాల్గుణం లోపలి కొద్ది నెలలు: వాగులో నీళ్ళుంటాయి, ఎండ ఓర్చుకోవచ్చు, ఆ ఏడు వాన ఎక్కడ కోసిందో గుర్తులింకా చెరగవు. ఈ వ్యవధిని వదులుకుంటే ఆ ఏటికి అతుకు పనే తప్ప అసలు పని జరగదు.

శ్రీశైలానికి ఆత్మకూరు వైపు నుంచి పోయే పాత కాలిబాటది ఇంకో పద్ధతి. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా సాగే ఆ అడవి దారి శివరాత్రికి, ఉగాదికి జనంతో నిండుతుంది. ఉగాదికి వచ్చేవాళ్ళలో కన్నడ భక్తులు ఎక్కువ. ఆ రోజులకు చలివెంద్రాలు, గుడారాలు లేస్తాయి. తర్వాత అడవి మళ్ళీ అడవే. ఏడాదిలో ఎక్కువ రోజులు విశ్రాంతి దొరికే దారికి మరమ్మతు అవసరం తక్కువ.

మంచు వాలుల్లో వేసవి పని

స్కీ కేంద్రాల్లో ఈ లెక్క తలకిందులు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వ్యాపారం, మంచు కరిగాక పనులు. వేసవిలో వాలుల మీద గుండ్లు తొలగించి నేల చదును చేస్తారు, కొత్త జారుడుదారులు నరుకుతారు, నీటి గొట్టాలు పూడుస్తారు, లిఫ్టు స్తంభాలను హెలికాప్టరుతో దించి నిలబెడతారు. చదును చేసిన వాలు మీద ఏటవాలుగా మట్టికట్టలు అడ్డం వేసి, గడ్డి విత్తనం చల్లుతారు. కరిగిన మంచునీరు వాలును కోసేయకుండా పక్కకు తిప్పడానికి ఆ కట్టలు. అహోబిలం మెట్ల దారికి కావలసిన అడ్డురాళ్ళ వరసకూ దీనికీ సూత్రంలో తేడా ఏమీ లేదు.

మంచు తయారీ ఇంకొక సంగతి. 1950లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఆర్ట్ హంట్, డేవ్ రిచీ, వేన్ పియర్స్ అనే ముగ్గురు ఒత్తిడి గాలితో నీళ్ళను చిమ్మి మంచు కురిపించే తుపాకి కనిపెట్టారు. నీరు సన్నని తుంపరగా విడిపోయి, నేల మీద పడేలోగా గడ్డకట్టాలి. ఇందుకు చూడాల్సింది మామూలు ఉష్ణోగ్రత కాదు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత. అది మైనస్ రెండు డిగ్రీలకో అంతకంటే కిందికో దిగాలి. గాలి పొడిగా ఉంటే తుంపరలో కొంత ఆవిరై మిగతాదాన్ని చల్లబరుస్తుంది కాబట్టి, సున్నాకు డిగ్రీ పైన ఉన్నా మంచు పడుతుంది. కర్నూలు ఎండల్లో పనిచేసే ఎయిర్ కూలరు విశాఖపట్నంలో ఎందుకు పనిచేయదో తెలిసినవాళ్ళకు ఇది చప్పున బోధపడుతుంది.

నీళ్ళెన్ని కావాలన్నది అసలు ప్రశ్న. ఒక హెక్టారు వాలు మీద 30 సెంటీమీటర్ల మంచు పరవాలంటే సుమారు వెయ్యి ఘనమీటర్ల నీరు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు వంద. అందుకే స్కీ కేంద్రాలు కొండ మీద చెరువులు తవ్వుకుంటున్నాయి. ఇటలీలో స్కీ వాలుల్లో దాదాపు పదింట తొమ్మిది వంతులకు మంచుయంత్రాల ఏర్పాటు ఉంది. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ ఇంచుమించు పూర్తిగా యంత్రపు మంచు మీదే జరిగాయి. మన దేశంలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం ఉత్తరాఖండ్‌లోని ఔలిలో మంచుయంత్రాలు పెట్టారు. కశ్మీరులోని గుల్‌మార్గ్‌లో 2025 ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. తెలుగునాట యంత్రపు మంచు చూడాలంటే 2004లో హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర మొదలైన స్నో వరల్డ్‌కు పోవాలి. అది నాలుగు గోడల మధ్య మంచు, కొండతో దానికి పనిలేదు.

తీగ మీద ఎక్కడం

కుర్చీలిఫ్టు మొదట వచ్చింది 1936లో, అమెరికాలోని సన్ వ్యాలీ స్కీ కేంద్రంలో. రైల్వే కంపెనీ ఇంజనీరు జేమ్స్ కరన్ అరటిగెలలను ఓడల్లోకి ఎక్కించే తీగయంత్రాన్ని చూసి, గెల బదులు కుర్చీ తగిలించాడు. తీగకు శాశ్వతంగా బిగించిన కుర్చీలు సెకనుకు రెండు రెండున్నర మీటర్లు పోతే, స్టేషనులో తీగను వదిలి మెల్లగా తిరిగి మళ్ళీ పట్టుకునే కొత్తరకాలు ఐదు మీటర్ల దాకా పోతాయి. స్కీ కేంద్రాల్లో లిఫ్టు మార్పిడి అంటే ఎక్కువగా ఇదే.

మన గుళ్ళకు అదే యంత్రం రోప్‌వే పేరుతో వచ్చింది. శ్రీశైలంలో పాతాళగంగకు దిగడానికి పర్యాటక శాఖ రోప్‌వే నడుస్తోంది. అహోబిలంతో పోల్చదగ్గది శోళింగర్. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే తమిళనాట ఉన్న ఈ యోగనరసింహ క్షేత్రమూ దివ్యదేశమే, తెలుగు భక్తులు బాగా వెళ్తారు. 1305 మెట్లెక్కాల్సిన ఆ కొండకు 2024లో రోప్‌వే తెరిచారు. పళనిలో అంతకు ముందునుంచే ఉంది. అక్కడ ఏటా నెల పైచిలుకు రోప్‌వే ఆపి తీగలు, చక్రాలు విప్పి చూస్తారు. ఆ ఆపడం చూసి భక్తులు విసుక్కుంటారు కానీ, రోప్‌వే మీద నమ్మకం పెట్టుకోదగ్గది ఆ నెలను బట్టే. జార్ఖండ్‌లోని త్రికూట కొండ మీద 2022 ఏప్రిల్‌లో కేబిన్లు గాలిలో చిక్కుకుని ముగ్గురు చనిపోయారు. గుల్‌మార్గ్‌లో 2017 జూన్‌లో ఈదురుగాలికి చెట్టు తీగ మీద పడి ఏడుగురు పోయారు. జోషీమఠ్ నుంచి ఔలికి పోయే రోప్‌వేను 2023 జనవరిలో ఊరి నేల కుంగడంతో ఆపేశారు. జోషీమఠ్‌లోనూ నరసింహుడి గుడే ఉంది, చలికాలంలో బదరీనాథుడి పూజలు అక్కడ జరుగుతాయి.

అహోబిలంలో ఇప్పటికి రోప్‌వే లేదు. కేంద్ర ప్రభుత్వం 2022-23 బడ్జెట్టులో పర్వతమాల పథకం ప్రకటించాక ఏ కొండను చూసినా తీగ వేయాలన్న మాట వినిపిస్తోంది. శోళింగర్‌లో కింద ఊరు, పైన గుడి, మధ్యలో సూటి వాలు. రెండు స్టేషన్లతో పని తీరింది. అహోబిలంలో అలా సూటిగా పోయే వాలుకు ఇప్పటికే రోడ్డుంది. కష్టమైనది జ్వాలా లోయ: మెలికలు తిరిగే ఇరుకు, పైన విరిగిపడే చరియలు, గాలి సుడులు, చుట్టూ చెట్లు. గుల్‌మార్గ్ ప్రమాదం లాంటిది రాకుండా తీగకు రెండు వైపులా ఎంత వెడల్పున చెట్లు కొట్టాలో లెక్కవేస్తే పథకం సగం అక్కడే ఆగుతుంది. ఈ వ్యాసకర్త మాటగా చెప్పాలంటే, ఒక రోప్‌వే స్తంభం పునాదికి అయ్యే ఖర్చు దారిలో నీటి మళ్ళింపులకు, మలుపుల వెడల్పుకు పెడితే ఎక్కువమంది కాళ్ళకు మేలు.

ఎవరి దారి

గుడి ఎవరిదన్న తగవు తేలింది. అహోబిలం ఆలయం మఠంలో భాగమేనని, ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022 అక్టోబరులో తీర్పిచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాంట్లో జోక్యం చేసుకోలేదు. దారి సంగతి వేరు. ఎగువ గుడి దాటితే నేల అటవీ శాఖది. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవిని వేరే అవసరానికి మళ్ళించాలంటే కేంద్రం అనుమతి కావాలి. ఈ నల్లమల దక్షిణ భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నుంచి శేషాచలం వైపు పులులు నడిచే దారి కూడా. తిరుమల అలిపిరి మెట్ల మీద 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఒక చిన్నారి చనిపోయాక, పిల్లలను మధ్యాహ్నం తర్వాత ఆ దారిన పంపకుండా ఆంక్షలు పెట్టారు, నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చారు. అహోబిలంలో జ్వాలా, ఉగ్రస్తంభం దారులకు పొద్దు వాలకముందే తిరిగి రావాలన్నది పాత కట్టడి. పొద్దున బయల్దేరినవాళ్ళకు లోయలో నీడ కూడా దొరుకుతుంది.